దేవుడి గదిలో మాటలు తిట్లలోకీ మోసాల్లోకీ ఎప్పుడు దిగాయి?

వేపచెట్టు నీడ (హైదరాబాద్) · శుక్రవారం రాత్రి 9:14

నవ్వుకోవడానికే పెడుతున్నాను, కానీ అడిగేది మాత్రం నిజంగానే అడుగుతున్నాను.

మా పేటలో చిట్టీలు నడిపే ఒకాయన పోయిన వారం రాత్రికి రాత్రే సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అందులో నా డబ్బూ ఉంది. ఎంత అని ఇక్కడ అడగొద్దు, మా ఆవిడ కూడా ఈ వేదిక చదువుతుంది. ఆ వార్త ఇవాళ పేపర్లో వచ్చింది. మా అమ్మాయి ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. కాస్త తెలుగు వంటబడుతుందని రోజూ ఒక వార్త పైకి చదివిస్తాను. ఇవాళ దాని చేతికి ఇదే దొరికింది. "ఖాతాదారులకు శఠగోపం" అని పెద్ద హెడ్డింగు. కింద "కోట్లు స్వాహా". ఆ కింద "నమ్మినవాళ్లకు పంగనామాలు", "దాచుకున్న సొమ్ము గోవిందా". చివర్లో "డిపాజిట్లు కైంకర్యం చేసిన వైనం".

కూడబలుక్కుంటూ అంతా చదివి తలెత్తింది. "నాన్నా, ఈయన పూజారా?"

"కాదమ్మా, దొంగ."

"మరి ఇన్ని పూజలు చేశాడుగా!"

నాకు నోట మాట రాలేదు. మళ్లీ చదివితే నిజమే. ఒక్క దొంగ గురించి రాయడానికి విలేకరి గుళ్లోంచి అయిదు మాటలు పట్టుకొచ్చాడు. పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చింది ఒక్కటే, "పరారీ". మన భాషకి ఇదేం బుద్ధి? మీకు తెలిసిన ఇలాంటి మాటలు చెప్పండి.


ద్రుతప్రకృతికం (రాజమహేంద్రవరం) · రాత్రి 9:31

అయిదేనా నాయనా! ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఈ జాబితా నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది.

కైంకర్యం అంటే కింకరుడు చేసే పని, అంటే సేవ. స్వామివారికి సేవ చేసేవాడి చేతికే స్వామివారి సొమ్ము అందుతుంది కాబట్టి ఆ మాట ఎటు జారిందో ఊహించుకోవచ్చు. పంగ అంటే చీలిన కొమ్మ. పంగలకర్రలో ఉన్నది అదే. పంగలా చీలిన నామం పంగనామం. శఠగోపం కథ ఇంకా బాగుంటుంది. నమ్మాళ్వారుకే శఠగోపుడని పేరు. స్వామి పాదాలున్న ఆ కిరీటాన్ని మన నెత్తిన పెడితే ఆళ్వారు అనుగ్రహం అని భావం. కానీ సంస్కృతంలో "శఠుడు" అంటే వంచకుడు. తెలుగువాడి చెవి ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది.

ఇక తిట్ల సంగతి. ఆఫీసరు అక్షింతలు వేస్తాడు, భార్య అష్టోత్తరం చదువుతుంది, అత్తగారు దండకం అందుకుంటుంది. మూడూ పూజలే. విరగని బియ్యం కనుక అక్షతలు. అవి నెత్తిన పడితే దీవెన కావాలి. మరి "మేనేజర్ అక్షింతలు వేశాడు" అంటే ఎవరూ "శుభం" అనరు.

తద్దినం మరిచాను. తత్ + దినం, జశ్త్వ సంధి. "ఆ రోజు" అని అర్థం, అంతే. పాపం ఏ తప్పూ చేయని మాట. ఇవాళ ప్రతి ఇంట్లో "ఈ ఆన్‌లైన్ క్లాసులు రోజూ ఒక తద్దినం" అంటున్నారు.


నోటీస్ పీరియడ్ (బెంగళూరు) · రాత్రి 9:48

మాస్టారూ, ఉద్వాసన వదిలేశారు. దాని మీద హక్కు నాది.

రెండేళ్ల కిందట నాకు ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. మీటింగ్ పదకొండు నిమిషాలు. అందులో తొమ్మిది నిమిషాలు హెచ్‌ఆర్ అమ్మాయి నన్ను పొగిడింది. నా సహనం, నా టీమ్ స్పిరిట్, నేను కంపెనీకి చేసిన సేవ. నేను అంత గొప్పవాణ్ణని నాకే తెలీదు. పదో నిమిషంలో లాప్‌టాప్ ఎక్కడ ఇవ్వాలో చెప్పింది.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా నాన్న ఒక్క క్షణం ఆగి అన్నాడు: "సరిగ్గా పూజే చేశార్రా నీకు. ముందు స్తోత్రం చదివి, తర్వాత ఉద్వాసన చెప్పారు."

వినాయక చవితి పూజ అయ్యాక ఏం చేస్తాం? విగ్రహాన్ని ఉత్తరం వైపు కాస్త కదిలించి, "యథాస్థానం ప్రవేశయామి" అంటాం. నన్నూ కదిలించారు, బ్యాడ్జి తీసుకుని సెక్యూరిటీ వైపు. తేడా ఒక్కటే. వినాయకుడికి "పునరాగమనాయ చ" అంటాం, మళ్లీ రమ్మని. నాకు ఆ ముక్క ఎవరూ అనలేదు.


మామిడికాయ పిన్ని (కాకినాడ) · రాత్రి 9:55

నమస్కారం అండీ. నేను ఇక్కడ కొత్త. గుళ్లో ఇచ్చే పులిహోర రుచి ఇంట్లో ఎందుకు రాదు? ఎలా కలపాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.


డాలస్ బాబాయి (అమెరికా) · రాత్రి 10:02

పిన్నిగారూ, పులిహోర కలపడంలో ఈ వేదిక మీద నిపుణులకు లోటు లేదు. ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల వాళ్లు ఎవర్ని అడిగినా చెప్తారు.


మామిడికాయ పిన్ని · రాత్రి 10:06

మంచి మాట. ఈ కాలం మగపిల్లలు వంట నేర్చుకోవడం చాలా సంతోషం బాబూ. మా అబ్బాయి కూడా నేర్చుకుంటే బాగుండు.


నోటీస్ పీరియడ్ · రాత్రి 10:07

(నేల మీద పడి దొర్లుతున్నాను.)


కాజీపేట జంక్షన్ (వరంగల్) · రాత్రి 10:20

తీర్థం యాడ పోయింది? ఎవరూ చెప్పరేంది!

మా దోస్తుల్లో "సాయంత్రం తీర్థం ఉందా" అంటే దేనికో అందరికీ తెలుసు. ఇంట్ల తెలువకుండా ఫోన్ల మాట్లాడటానికి ఇంతకంటే పవిత్రమైన మాట లేదు. మా అమ్మ ఒకసారి పక్కనుంచి విని, "మంచిదే బిడ్డా, నాక్కూడా సీసాల పట్టుకరా" అన్నది. ఆ రోజు నేను వేయిస్తంభాల గుడికి పోయి నిజం తీర్థం సీసాల పట్టుకొచ్చి ఇచ్చిన. ఇరవై ఏండ్లల్ల గుడికి పోవుడు అదే మొదటిసారి. పుణ్యం భాష ఖాతాల పడ్డదో నా ఖాతాల పడ్డదో తెలువదు.

ఇగ రాజకీయాల సంగతి. "ఫలానా నాయకుడు ఫలానా పార్టీ తీర్థం పుచ్చుకున్నారు" అని పేపరోళ్లు రాస్తరు. పొద్దున ఒక తీర్థం, సాయంత్రం ఇంకో తీర్థం. గుళ్ల అయితే మూడుసార్లు పోస్తరు గద, ఈళ్లు ఆ లెక్క ఎన్నడో దాటిన్రు.


ధర్మో రక్షతి · రాత్రి 10:41

ఇలాంటి చర్చలు నాకు నచ్చవు. పవిత్రమైన మాటలు పట్టుకుని ఎగతాళా? ఎప్పుడూ హిందువుల మాటలే దొరుకుతాయా మీకు? వేరే మతాల వాళ్ల మాటలతో ఇలా ఆడుకునే ధైర్యం ఉందా?


కొండారెడ్డి బురుజు (కర్నూలు) · రాత్రి 10:58

అన్నా, పిలిచినట్టు వచ్చినాను. నేను ముస్లింని, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ధైర్యం ఎందుకన్నా, మా ఇంట్లో రోజూ జరిగేదే ఇది.

ఉర్దూలో ఎవరైనా అప్పు తీసుకుని ఎగ్గొడితే "ఆ డబ్బు మీద ఫాతిహా చదివెయ్" అంటారు. ఫాతిహా అంటే ఖురాన్ మొదటి అధ్యాయం. పోయినవాళ్ల కోసం కూడా చదువుతాము. అంటే మీ తిలోదకాలకు మా ఇంటి అన్నదమ్ముడు అన్నమాట. బిర్యానీ గిన్నె మూత తీయగానే "బిస్మిల్లా చేద్దాం" అంటే ప్రార్థన కాదు, దాడి మొదలు. ఎవరైనా పోతే "అల్లాకు ప్యారే అయినారు", అంటే దేవుడికి ఇష్టమైనవాళ్లు అయినారని. మా నాయన స్కూటర్ చెడిపోయిన రోజు కూడా అదే మాట అన్నాడు. ఆ స్కూటర్ బతికున్నన్నాళ్లు అల్లాకు కాదు కదా, మెకానిక్కు కూడా ఇష్టం లేదు.

ఇంకోటి. తెలుగులో డబ్బంతా పోయినవాణ్ణి "ఫకీరయినాడు" అంటారు కదా. మాకు ఫకీరు అంటే గౌరవం. మేమేమైనా గొడవ చేసినామా?


గుణదల మెట్లు (విజయవాడ) · రాత్రి 11:10

నన్నూ కలుపుకోండి, క్రిస్టియన్ని. మా ఇంట్లో ఇంగ్లీషు బైబిలు కన్నా తెలుగు బైబిలే ఎక్కువ చదువుతారు. అందుకే మా అమ్మమ్మ తిట్లన్నీ బైబిలు భాషలో ఉండేవి. మామయ్య అప్పు తీర్చకపోతే "ఇస్కరియోతు యూదా" అనేది. యూదాకి ముప్పై వెండి నాణేలు ముట్టాయి. మా మామయ్య బాకీ అంతకంటే ఎక్కువే.

మా చర్చిలో నవ్వొచ్చే మాట వేరే ఉంది. "ముగించే ముందు ఒక్క మాట." మా పాస్టరుగారు ఆ మాట అనగానే పెద్దవాళ్లు బ్యాగులు సర్దుకోవడం మానేసి మళ్లీ వెనక్కి ఆనుకుంటారు. అనుభవం. ఆ ఒక్క మాట ఎప్పుడూ అరగంటకు తక్కువ కాలేదు.

మా గుణదల కొండ మీద తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అన్ని మతాలవాళ్లూ వస్తారు. మా పక్కింటాయన ఫిబ్రవరిలో ఉత్సవాలకు అక్కడా, వేసవిలో తిరుపతిలోనూ గుండు చేయించుకున్నాడు. రెండు చోట్లకీ అప్పు చేసి వెళ్లాడు. వాళ్లావిడ "తిరుక్షవరం అయింది" అంటే అది భక్తా, బాధా నాకు తెలియలేదు.


ధర్మో రక్షతి · రాత్రి 11:19

సరే. మీ ఇద్దరి సమాధానాలూ బాగానే ఉన్నాయి. స్కూటర్ దగ్గర నవ్వొచ్చింది, ఒప్పుకుంటున్నాను.


నిర్వాహకుడు · రాత్రి 11:22

ఈ చర్చకు ఇప్పటికి మూడు ఫిర్యాదులు వచ్చాయి. రెండు ఫిర్యాదులు చేసినవాళ్లే తర్వాత కింద జోకులు రాశారు కాబట్టి కొట్టేస్తున్నాను. మూడోది పులిహోర ప్రశ్నకు ఎవరూ జవాబివ్వడం లేదని. దయచేసి ఎవరైనా ఇవ్వండి.


పంచపాత్ర (తెనాలి) · శనివారం ఉదయం 5:40

నేను పౌరోహిత్యం చేసుకునేవాణ్ణి. రాత్రి తొమ్మిదికే పడుకుంటాను కనుక ఇంత ఆలస్యం. మీరంతా మాటలు ఎలా చెడిపోయాయని అడుగుతున్నారు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, నాకు తోచింది చెప్తాను. ఎవరూ కోప్పడకండి.

మొదట మోసం చేసింది భాష కాదు, మనమే.

షోడశోపచార పూజ చేయిస్తాను. "వస్త్రయుగ్మం సమర్పయామి" అంటాను. యజమాని నా వైపు చూస్తాడు. వస్త్రాలు తేలేదు. వెంటనే నేను "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అంటాను. అంటే బట్టలకు బదులు నాలుగు బియ్యపు గింజలు. ఆభరణాలా? "ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి." అదే పళ్లెం, అవే గింజలు. తర్వాత రాజోపచారాలు. ఛత్రం, చామరం, నృత్యం, గీతం, గుర్రం, ఏనుగు. "గజానారోహయామి" అనేసరికి యజమాని చిటికెడు అక్షతలు వేస్తాడు. ఏనుగు కూడా పావలా బియ్యంలో అయిపోయింది! మా తాతగారు అనేవారు, ఈ లెక్కన స్వామివారి దగ్గర నూట యాభై ఏళ్ల మన పూజల బకాయి ఏనుగులే ఒక అడవికి సరిపోతాయి అని.

శాస్త్రం దీన్ని ఒప్పుకుంది, శక్తి లేనివాడు భక్తితో అక్షతలు ఇవ్వవచ్చని. కానీ మొన్న ఒక ఇంట్లో పూజ చేయించాను. ఆ ఇంట్లో పాలరాతి నేల, హాల్లో ఊయల, బయట రెండు కార్లు. వస్త్రార్థం అక్షతలే, ఆభరణార్థం అక్షతలే. దక్షిణ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఫోన్ తీసి "స్కానర్ ఉందా పంతులుగారూ" అన్నాడు. లేదన్నాను. "అయితే మళ్లీసారి కలిపి ఇస్తాను" అన్నాడు. "దక్షిణార్థం అక్షతాన్" అని నా నోటి దాకా వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, శఠగోపం ముందు ఎవరు ఎవరికి పెట్టారు?


వేపచెట్టు నీడ · ఉదయం 6:15

పంతులుగారూ, ఇది చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. మా చిట్టీ ఆయన కూడా చివరి నెలలో డబ్బు అడిగితే "వడ్డీకి బదులు" అని క్యాలెండరూ స్టీలు గిన్నే ఇచ్చాడు. అవే అక్షతలు!


డాలస్ బాబాయి · ఉదయం 6:50

పంచపాత్ర గారూ, మీరు వచ్చారు కాబట్టి అడుగుతున్నాను, "మమ" సంగతి.

మా ఊళ్లో గృహప్రవేశం జరిగింది. పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు. మన ఊళ్లో అయితే "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే మేరోః దక్షిణ దిగ్భాగే శ్రీశైలస్య..." అని వస్తుంది కదా. ఇక్కడ మా పంతులుగారు "క్రౌంచ ద్వీపే రమణక వర్షే ఐంద్ర ఖండే" అంటారు. అది విని మా మావగారికి కన్నీళ్లు వచ్చాయి. అడిగితే, "ఇన్నాళ్లూ మా అమ్మాయి అమెరికాలో ఉందనుకున్నానురా, క్రౌంచ ద్వీపంలో ఉందా" అన్నారు.

ఆ తర్వాత పంతులుగారు పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చదివి, "మమ అనుకోండి" అన్నారు. మా తమ్ముడు గట్టిగా "మామా అనుకున్నాను" అన్నాడు. వెనకాల మా మావగారు "ఏం అల్లుడూ?" అని లేచి వచ్చారు. సంకల్పం మళ్లీ మొదటి నుంచి.

తెలుగులో ఏ పనైనా మొక్కుబడిగా చేస్తే "మమ అనిపించాడు" అంటాం. దానికి కారణం ఇదేనా?


పంచపాత్ర · ఉదయం 7:05

అదే. పెద్ద వాక్యమంతా మేము చదువుతాం, యజమాని చెప్పేది ఆ ఒక్క "మమ", అంటే "నా యొక్క". పాపాలు పోవడానికీ, పుణ్యం రావడానికీ, ఐశ్వర్యం పెరగడానికీ ఆయన పెట్టే శ్రమ రెండు అక్షరాలు. యజ్ఞంలో అయితే హవిస్సు వేస్తూ "ఇదం న మమ" అంటారు, ఇది నాది కాదు అని. ఇంటి పూజల్లో ఆ "న" మాత్రం ఎవరికీ గుర్తుండదు.

సంకల్పం అంటే నిజానికి చిరునామా. బ్రహ్మగారి వయసు దగ్గర మొదలుపెట్టి, ద్వితీయ పరార్ధే, అంటే ఆయనకి యాభై దాటాయని చెప్పి, కల్పం, మన్వంతరం, యుగం, పాదం, ద్వీపం, నది, సంవత్సరం, ఋతువు, తిథి, వారం అన్నీ దాటుకుంటూ ఇంటి గుమ్మం దాకా వస్తాం. ఇంత చెప్పినా కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "సార్, ల్యాండ్‌మార్క్ చెప్పండి" అంటాడు. దేవుడు ఇంతవరకూ అలా అడగలేదు.

శ్రీశైలానికి మీరు ఏ దిక్కున ఉన్నారో సరిగ్గా చెప్పాలి. విజయవాడ అయితే ఈశాన్యం. తిరుపతి అయితే ఆగ్నేయం. బెంగళూరు అయితే నైరుతి. ఒకాయన నేను ఈశాన్యం అనగానే ఫోన్లో మ్యాపు తీసి, "కాస్త తూర్పుకి ఎక్కువ కదండీ" అన్నాడు. సివిల్ ఇంజనీరు.


కాజీపేట జంక్షన్ · ఉదయం 7:30

పంతులుగారూ, సొంతిల్లయితే "స్వగృహే" అంటరు, కిరాయి ఇల్లయితే "వసతి గృహే" అంటరు గద. నాకు ఇరవై ఏండ్ల లోను ఉంది, పదిహేడు ఏండ్లు ఇంకా కట్టాలె. నాది ఏ గృహం?


నోటీస్ పీరియడ్ · ఉదయం 7:33

బ్యాంకు గృహే.


గుణదల మెట్లు · ఉదయం 7:41

మా పక్కింటి వాళ్ల పూజకి వెళ్లాను. "శోభన గృహే" అని పంతులుగారు అనగానే కొత్తగా పెళ్లయిన జంట తల దించుకున్నారు, ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ మాటకి అర్థమేమిటండీ అసలు?


ద్రుతప్రకృతికం · ఉదయం 8:02

సంస్కృతంలో శోభనం అంటే శుభమైనది, అందమైనది. ఆ పంతులుగారు "ఈ శుభమైన ఇంట్లో" అన్నారు, పాపం. తెలుగువాళ్లం ఆ మాటని పెళ్లయిన రాత్రికి అప్పగించేసి చేతులు దులుపుకున్నాం. ఒక మాటకి ఒక గది కేటాయించాక అది ఇంకో గదిలోకి వెళ్తే నవ్వుతారు.

హిందీలో ఇంకా ఘోరం. "శిక్షా" అంటే చదువు. మా అమ్మ ఢిల్లీ వార్తల్లో "శిక్షా మంత్రి" అని విని, "శిక్షలు వేయడానికి కూడా వేరే మంత్రి ఉన్నాడా" అంది. బడికి వెళ్లిన రోజులు గుర్తు చేసుకుంటే రెండు అర్థాలూ ఒకటే అనిపిస్తుంది. "అవకాశ్" అంటే సెలవు. ఉత్తరాదిన ఆఫీసులో "అవకాశం ఇవ్వండి" అని హిందీలో అడిగిన మా శిష్యుడికి వారం రోజులు సెలవిచ్చి ఇంటికి పంపారు. ప్రమోషన్ అడిగాడు వాడు. మలయాళంలో "సంసారం" అంటే మాట్లాడటం. మనకి సంసారం అంటే ఏమిటో పెళ్లైన వాళ్లకి తెలుసు, అక్కడ మాట్లాడేది ఎవరో కూడా తెలుసు.


కొండారెడ్డి బురుజు · ఉదయం 8:15

2026 ఉగాదికి వచ్చే సంవత్సరం పేరు "పరాభవ" అంట కదా సార్. ఏడాదంతా ప్రతి పూజలో "పరాభవ నామ సంవత్సరే" అనాలి. మా పక్కింటి రెడ్డిగారు ఆ ఏడాదే ఎలక్షన్లో సర్పంచిగా నిలబడాలని చూస్తున్నాడు. ఏం చెప్పేది?


పంచపాత్ర · ఉదయం 8:22

అరవై పేర్లూ చుట్టూ తిరిగి వచ్చేవే. 1966లో కూడా పరాభవే. ఆ ఏడాదీ గెలిచినవాళ్లు ఉన్నారు, ఓడినవాళ్లు ఉన్నారు. పేరు చూసి భయపడితే ఎలా? అయితే ఎవరి పరాభవమో సంకల్పంలో చెప్పం, రెడ్డిగారికి ఆ మాట చెప్పండి. ధైర్యంగా ఉంటారు.


ధర్మో రక్షతి · ఉదయం 8:40

నేనూ ఒకటి చెప్తాను. చిలుకూరు బాలాజీ గుడికి వీసా కోసం వెళ్లాను. మొదట పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. వీసా వచ్చింది. నూట ఎనిమిది మొదలుపెట్టాను. లెక్కకోసం కార్డు ఇస్తారు, ఒక్కో గడి పెన్నుతో కొట్టుకుంటూ తిరగాలి. అరవై దగ్గర ఆఫీసు నుంచి ఫోన్. మాట్లాడుతూనే తిరిగాను. ఫోన్ పెట్టాక చూస్తే గడులు కొట్టడం మరిచాను. అరవై రెండా, అరవై ఏడా తెలియదు. దేవుణ్ణి మోసం చేయకూడదని అరవై నుంచి మళ్లీ మొదలుపెట్టాను. అంటే ఎక్కువ చేశాను.

నా స్నేహితుడు అన్నాడు, ఎక్కువ చేసినవి తర్వాతి వీసాకి క్యారీ ఫార్వర్డ్ అవుతాయని.


కాజీపేట జంక్షన్ · ఉదయం 8:47

అన్నా, రాత్రి మీరే గదా ఎగతాళి వద్దన్నది!


ధర్మో రక్షతి · ఉదయం 8:49

నా అనుభవం నేను చెప్పుకున్నాను.


బారాషహీద్ దగ్గర (నెల్లూరు) · ఉదయం 9:20

వీసా అంటే మా ఊరు మరిచిపోతే ఎట్టా? మొహర్రం అప్పుడు మా స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకి ఇస్తారు. నీళ్లలో నిలబడి "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె", "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె" అని కేకలు పెడతా ఉంటారు. హిందువులూ ముస్లిములూ అందరూ వస్తారు.

మా బావమరిది సొంతింటి రొట్టె కోసం వెళ్లి, జనంలో సరిగ్గా వినపడక సంతానం రొట్టె తీసుకున్నాడు. అప్పటికే ఇద్దరు పిల్లలు. తిన్న తర్వాత ఎవరో చెప్పారు. ఏడాది తిరిగేసరికి కవలలు. ఇప్పుడు అద్దె ఇల్లు సరిపోక పెద్ద ఇంట్లోకి మారాడు. అది కూడా అద్దెదే. మరుసటి ఏడాది చెరువులో దిగి ఎవరు ఏ రొట్టె ఇచ్చినా మూడుసార్లు అడిగాడు.


వేపచెట్టు నీడ · ఉదయం 10:30

ఇంకో ముచ్చట. మా అమ్మాయికి బళ్లో "ఈ పదాలతో సొంత వాక్యాలు రాయండి" అని హోంవర్క్ ఇచ్చారు. నిన్న రాత్రి అది నా ఫోన్లో ఈ చర్చంతా చదివిందని నాకు తెలీదు. అది రాసింది ఉన్నదున్నట్టు కింద పెడుతున్నాను:

తీర్థం: మా మామయ్య శనివారం స్నేహితులతో తీర్థం పుచ్చుకుని ఆదివారం తలనొప్పి అంటాడు.
శఠగోపం: గుళ్లో శఠగోపం పెట్టినప్పుడు డబ్బులు మనమే వేస్తాం, చిట్టీలో ముందే వేస్తాం.
ఉద్వాసన: బెంగళూరు అంకుల్‌కి ఉద్వాసన చెప్పారు గానీ ఉండ్రాళ్లు పెట్టలేదు.
స్వాహా: అగ్నిదేవుడి భార్య పేరు స్వాహా. మా ఇంట్లో డబ్బు అమ్మ దగ్గర ఉంటుంది.

టీచరు చివరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో "బాగుంది" అని రాశారట.


నోటీస్ పీరియడ్ · ఉదయం 10:34

పాపకి నా తరఫున అక్షింతలు. మంచి అర్థంలో.


వేపచెట్టు వేరు (హైదరాబాద్) · ఉదయం 10:52

ఎంత?


కాజీపేట జంక్షన్ · ఉదయం 10:53

ఓ యమ్మో. వదినమ్మ వచ్చింది.


కొండారెడ్డి బురుజు · ఉదయం 10:54

అన్నా, ఫాతిహా.


గుణదల మెట్లు · ఉదయం 10:55

గోవిందా గోవింద. (నేను క్రిస్టియన్ని అయినా ఇప్పుడు ఇదే సరైన మాట.)


వేపచెట్టు నీడ · మధ్యాహ్నం 1:40

అష్టోత్తరం పూర్తయింది. సహస్రనామం సాయంత్రం వాళ్ల అమ్మగారు వచ్చాక. ఏటీఎం కార్డుకి ఉద్వాసన. నేను "పునరాగమనాయ చ" అన్నాను, ఆవిడ "మమ" అని తన పర్సులో పెట్టుకుంది. ఇంత సరిగ్గా మమ అన్నవాళ్లని పంతులుగారు కూడా చూసి ఉండరు.


మామిడికాయ పిన్ని · మధ్యాహ్నం 2:10

అందరూ నవ్వుకున్నారు, సంతోషం. నా పులిహోర సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.


పంచపాత్ర · మధ్యాహ్నం 2:45

అమ్మా, క్షమించాలి. నేను చెప్తాను. అన్నం పొడిపొడిగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేడిగా ఉండగానే పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నువ్వుల నూనె వేసి వదిలెయ్యండి. చింతపండు పులుసు పల్చగా ఉండకూడదు. చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా దగ్గరగా ఉడికించాలి. ఇళ్లలో అందరూ తొందరపడేది ఇక్కడే. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. ఇక గుడి రుచి అంటారే, అది ఆవపిండి. పచ్చి ఆవాలు కాస్త ఉప్పుతో, నీళ్లు చిలకరించి మెత్తగా నూరి, అన్నం చల్లారాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. చేత్తోనే కలపండి, గరిటె వద్దు. కలిపాక కనీసం రెండు గంటలు ముట్టుకోకండి. గుళ్లో రుచి రావడానికి సగం కారణం, నైవేద్యం అయ్యేదాకా ఎవరూ దాని జోలికి వెళ్లకపోవడం.


మామిడికాయ పిన్ని · మధ్యాహ్నం 3:05

చాలా సంతోషం పంతులుగారూ. మా అబ్బాయి సెలవుకి ఇంటికొచ్చాడు, వాడి చేతే చేయిస్తాను. "ఒరే, ఇంటర్నెట్లో అందరూ చెప్తున్నారు, నీ వయసు పిల్లలు పులిహోర బాగా కలుపుతారటగా" అన్నాను. వాడు ఎర్రబడిపోయి, "ఎవరు చెప్పారమ్మా, ఆ అమ్మాయి ఫోన్ చేసిందా?" అంటున్నాడు. ఏ అమ్మాయండీ?